చదువువారు లేని లిపి

మన పిల్లల చరిత్ర పుస్తకములలో సింధు నాగరికతను గూర్చిన పాఠమున ఒక చిన్న ముద్రిక బొమ్మ కనబడుచుండును. ఒంటికొమ్ము జంతువొకటి, దానిపైన అయిదారు గుర్తులు. “ఇందులో ఏమని వ్రాసియున్నది?” అని పిల్లలు తప్పక అడుగుదురు. ఉపాధ్యాయులు గాని, తలిదండ్రులు గాని, లోకములోని మహాపండితులు గాని దీనికి నిశ్చయమైన సమాధానము చెప్పలేరు. ఆ చిక్కు ఎట్టిదో, ఇన్నాళ్లుగా ఎందుకు విడుటలేదో తలిదండ్రులకు తెలియజేయుటయే ఈ వ్యాసోద్దేశము.

హరప్పాలో దొరకిన యొక ముద్రిక బొమ్మను అలెగ్జాండర్ కన్నింగ్‌హామ్ 1875లోనే ప్రకటించెను గాని, దాని ప్రాచీనత అప్పుడెవరికిని తెలియలేదు. 1921లో దయారాం సాహ్ని హరప్పాలోను, 1922లో రాఖల్‌దాస్ బెనర్జీ మొహెంజొదారోలోను త్రవ్వకములు జరిపిరి. ఈ రెండు చోట్లును నేడు పాకిస్తానులో నున్నవి. 1924లో సర్ జాన్ మార్షల్ ఈ నాగరికతను లోకమునకు ప్రకటించెను. క్రీ.పూ. 2600 మొదలు 1900 వరకు అది ఉన్నతదశలో నుండెను. వారి ఇటుక యిండ్లు, మురుగు కాలువలు, తూనికరాళ్లు మనకు దొరకినవి. వారి మాట మాత్రము దొరకలేదు.

పలకపై వ్రాయు బలపము వంటి మెత్తని రాతిని చెక్కి, కాల్చి, ఈ ముద్రికలను చేసిరి. పెక్కింటి వెడల్పు రెండు మూడు సెంటీమీటర్లే. సరకుల మూటలకు కట్టిన త్రాళ్లపై మట్టిముద్ద నుంచి వీనిని అద్దెడివారు. అట్టి మట్టి ముద్రలు గుజరాతులోని లోథాల్‌లో దొరకినవి. ఆ రాష్ట్రమునందే ధోలావీరా కోటద్వారము చెంత, ఒక్కొక్కటి సుమారు 37 సెంటీమీటర్ల ఎత్తుగల పది గుర్తుల ఫలకము బయటపడినది. అది ఊరి పేరో, దేవుని పేరో, రాజాజ్ఞయో తెలియదు.

పండితులు తేల్చిన సంగతులును కొన్ని కలవు. ముద్ర వేసినపుడు ఈ వ్రాత సాధారణముగా కుడినుండి ఎడమకు సాగును. చోటు చాలనపుడు ఎడమ కొసను గుర్తులు ఇరుకుకొని యుండుటయే దీనికి నిదర్శనము. ఐరావతం మహదేవన్ 1977లో ప్రకటించిన పట్టికలో 2,906 వస్తువులపైని వ్రాతలను పరిశీలించి, 417 వేర్వేరు గుర్తులను లెక్కించెను. మన వర్ణమాలలో అక్షరములు 56. వర్ణమాలకు 417 మిక్కిలి ఎక్కువ. చీనా లిపివలె మాటకొక గుర్తు అనుకొన్నచో మిక్కిలి తక్కువ. కావున కొన్ని గుర్తులు మాటలను, కొన్ని ధ్వనులను తెలుపునని పలువురి అభిప్రాయము.

మరచిపోయిన ఇతర లిపులను పండితులు ఎట్లు చదివిరి? ఐగుప్తు దేశమున 1799లో దొరకిన రొసెట్టా శిలపై ఒకే శాసనము మూడు లిపులలో నున్నది. అందులో గ్రీకు తెలిసినదే. దాని సాయముననే 1822లో షాంపోలియన్ ఐగుప్తు చిత్రలిపి మర్మమును కనుగొనెను. మన బ్రాహ్మీలిపి విషయమున జేమ్స్ ప్రిన్సెప్ సాంచీ స్తూపపు రాతికంచెపైని చిన్న వ్రాతలు చాలవరకు ఒకే రెండక్షరములతో ముగియుట గమనించెను. ఇవి భక్తుల కానుకలు గనుక ఆ మాట ‘దానం’ అయి యుండునని ఊహించి, 1837లో ఆ లిపిని చదివెను. 1952లో మైకేల్ వెంట్రిస్, క్రీటు దీవిలోను గ్రీసులోను దొరకిన మట్టిపలకల లిపి యొకటి ప్రాచీన గ్రీకు భాషయని నిరూపించెను. అతనికి రెండు భాషల శాసనము లేకున్నను, పొడవైన వ్రాతలును, తెలిసిన భాషయు తోడ్పడినవి.

సింధు లిపికి ఈ మూడు సాయములును లేవు. రెండు భాషల శాసనము దొరకలేదు. వ్రాతలు సగటున అయిదు గుర్తులే. ఒకే ముఖమున నున్నవానిలో పొడవైనది 17 గుర్తులు. భాష యేదో తెలియదు. అయినను ఆశకు తావు లేకపోలేదు. సింధు ముద్రికలు నేటి ఇరాక్‌లోని ఊర్ నగరమున దొరకినవి. అచ్చటివారు ‘మెలుహ్హా’ అనిన దేశము సింధు ప్రాంతమేయని పెక్కుమంది నమ్ముదురు. మెలుహ్హా భాషకు దుబాసియైన షు-ఇలిషు అనువాని ముద్రిక నేటికిని పారిస్‌లోని లూవ్ర్ ప్రదర్శనశాలలో నున్నది. దుబాసి యున్న చోట రెండు భాషల వ్రాత యేదైనను ఉండియుండవచ్చును.

ఊహలకు మాత్రము లోటు లేదు. మన భాషలో ‘పాలు’ అనగా క్షీరమును, వాటాయును. వాటాకు బొమ్మ గీయుట కష్టము గనుక పాలకుండను గీసి ఆ మాటను సూచింపవచ్చును. ఇట్లే తమిళమున ‘మీన్’ అనగా చేపయు, నక్షత్రమును గనుక, చేప గుర్తు నక్షత్రమును తెలుపునని ద్రావిడ భాషావాదులైన ఆస్కో పార్పోలా ప్రభృతులు చెప్పిరి. ఎస్. ఆర్. రావు దానిని ఆర్యభాషగా చదివెను. 2004లో ఫార్మర్, స్ప్రోట్, విట్జెల్ అను మువ్వురు ఇది భాషను తెలుపు లిపియే కాదనిరి. పలువురు వారిని ఖండించిరి. 2025 జనవరిలో తమిళనాడు ముఖ్యమంత్రి ఈ లిపిని చదివినవారికి పది లక్షల డాలర్ల బహుమానము ప్రకటించెను. రహస్యము తేలినదని పత్రికలలో వార్త వచ్చినపుడు పిల్లలకు ఒక ప్రశ్న నేర్పుదము: ఆ పద్ధతి ఒక్క ముద్రికకే కాక తక్కిన ముద్రికలన్నిటికిని సరిపోవుచున్నదా?

లిపి మరపునకు వచ్చుట సింధు ప్రజలకే కలిగిన కష్టము కాదు. పదునాలుగవ శతాబ్దమున ఫిరోజ్ షా తుగ్లక్ అశోక స్తంభములను ఢిల్లీకి తెప్పించి, వానిపైని వ్రాతను చదువుడని పండితులను పిలిపించెను. ఎవ్వరును చదువలేకపోయిరి. ఆ బ్రాహ్మీలిపి సంతతియైన లిపులలోనే వారు నిత్యము వ్రాయుచుండిరి! మన తెలుగు లిపియు ఆ సంతతిలోనిదే. స్తంభము చెడలేదు, అక్షరము చెరగలేదు. నేర్పువారును నేర్చువారును లేకపోయిరి.

ఈ రాష్ట్రమున తరతరములుగా స్థిరపడిన మన కుటుంబములలో తెలుగు మాట నిలిచియున్నది. కాని తాతలనాటి ఉత్తరములు, క్రయపత్రములు, జమాఖర్చు పుస్తకములు పెట్టెల అడుగున నుండగా, వానిని చదువలేని మనుమలు ఎన్ని యిండ్ల లేరు? ఆ కాగితములు ఆ యింటివారికి అప్పుడే సింధు ముద్రికలైనవి. వానిని చదువుటకు బహుమానములు అక్కరలేదు. మేము బడిలో అక్షరములు నేర్పుచున్నాము. మీరు ఈ వేసవి సెలవులలో అట్టి ఉత్తర మొకటి బయటికి తీసి, ఇంటి పెద్దలయెదుట పిల్లలచేత బిగ్గరగా చదివింపుడు. అర్థము కాని మాటను పెద్దలే చెప్పుదురు. చెప్పగలవారు ఇంట నున్నపుడే ఆ పని జరుగవలెను.