కాయిన్‌ని ఆపింది ఎవరు?

క్యారమ్ బోర్డు మీద స్ట్రైకర్ తగిలింది, కాయిన్ కదిలింది. అంతవరకూ సరే. దారిలో ఎవరూ చెయ్యి అడ్డు పెట్టలేదు. మరి పాకెట్‌కి బెత్తెడు దూరంలో ఎందుకు ఆగిపోయింది?

కొట్టిన బలం అయిపోయింది గనక అని పెద్దవాళ్లు కూడా చెప్పేస్తుంటారు. అది సరికాదు. బలం కాయిన్ లోపల దాచుకునే సరుకు కాదు. స్ట్రైకర్ తగిలినంతసేపే తోస్తుంది, విడిపోయాక ఆ తోపుడు లేదు. అయినా కాయిన్ పోతూనే ఉందంటే, పోవడానికి ఎవరూ తోస్తూ ఉండనక్కర్లేదన్నమాట. కదిలే వస్తువు మీద ఏ బలమూ పనిచేయకపోతే అదే వేగంతో తిన్నగా పోతూనే ఉంటుంది. గెలీలియో ఈ దారిలో ఆలోచించాడు, న్యూటన్ 1687లో దీన్ని మొదటి గమన నియమంగా అచ్చువేశాడు. 1977లో బయల్దేరిన వాయేజర్-1 అంతరిక్ష నౌక నేటికీ సెకనుకు సుమారు 17 కిలోమీటర్లు పోతోంది. వెనక నుంచి తోసే ఇంజనేదీ నడవడం లేదు!

అంటే కాయిన్ దానంతటది ఆగలేదు, బోర్డే ఆపింది. ఎంత నున్నటి చెక్కకైనా కంటికి కనపడని ఎగుడుదిగుళ్లుంటాయి. కాయిన్ అడుగుభాగం వాటిని రాసుకుంటూ పోతుంది. ఆ రాపిడి కదలికకు ఎదురుగా లాగుతుంది. పుస్తకాల్లో దీని పేరు ఘర్షణ.

పౌడర్ ఎందుకు చల్లుతారో ఇప్పుడు తేలికే. సన్నటి పొడి మధ్యలో చేరితే కాయిన్ చెక్కను నేరుగా రాసుకోవడం తగ్గుతుంది. కుప్పలుగా పోస్తే మాత్రం ఆ పొడే అడ్డం పడుతుంది. మా ఇళ్లలో పిల్లలు డబ్బా సగం ఖాళీ చేసేది ఇది తెలియకే.

స్ట్రైకర్ ఎందుకంత బరువు? పోటీ నియమాల ప్రకారం కాయిన్ 5 నుంచి 5.5 గ్రాములు, స్ట్రైకర్ 15 గ్రాముల దాకా ఉండొచ్చు. బరువైనది తేలికదాన్ని సూటిగా కొడితే, తేలికది దూసుకుపోతుంది, బరువైనది కాస్త నెమ్మదించి అటే సాగుతుంది. అందుకే ఒక్కోసారి కాయిన్ వెంట స్ట్రైకర్ కూడా పాకెట్‌లో పడి ఫౌల్ అవుతుంది.

ఈసారి స్ట్రైకర్ పక్కనపెట్టి, ఒక కాయిన్‌తో ఇంకో కాయిన్‌ని సూటిగా కొట్టి చూడండి. కొట్టింది దాదాపు అక్కడే నిలబడిపోతుంది, రెండోది పరుగెడుతుంది. ఇక్కడ మొదటిదాన్ని ఆపింది బోర్డు కాదు, దెబ్బతిన్న కాయినే. మనం తోసిన వస్తువు మనల్నీ అంతే బలంతో వెనక్కి తోస్తుంది.