పేలిన తూటాకు మళ్లీ మందా?
ఇంట్లో నింపితే నేరం.. ఇత్తడి పగిలితే ప్రాణాపాయం

రాజమహేంద్రవరం: ఇంటి పెద్ద కాలం చేశాక పాత పెట్టె తెరిచారనుకుందాం. అడుగున .32 రివాల్వరు, గడువు తీరిన లైసెన్సు పుస్తకం, ఒక రేకు డబ్బా. డబ్బాలో పేలినవి, పేలనివి కలగలిసిన ఇత్తడి తూటాలు. కొన్నింటికి చిలుము పట్టింది, కొన్ని మాత్రం ఇంకా మెరుస్తున్నాయి. 'ఇత్తడి బాగానే ఉంది కదా, మందు దట్టించి గుండు బిగిస్తే సరిపోదా?' అన్న ఆలోచన కొందరికి కలుగుతుంది. అమెరికాలో సొంత వినియోగానికి తూటాలు నింపుకోవడానికి కేంద్ర చట్టం ప్రకారం లైసెన్సు అక్కర్లేదు. అక్కడ ఇది చాలామందికి వ్యాపకం. దానికి సంబంధించిన వీడియోలు ఇక్కడి సెల్‌ఫోన్లలోనూ కనిపిస్తాయి. మన దేశంలో మాత్రం ఆ పని కటకటాల వెనక్కి పంపుతుంది. చట్టం సంగతి అటుంచి, ముందుగా ఆ ఇత్తడి స్వభావాన్ని తెలుసుకోవాలి.

తూటా తొడుగుకు వాడే ఇత్తడిలో సుమారు 70 శాతం రాగి, 30 శాతం జింకు ఉంటాయి. బిళ్లను అచ్చుల్లో పలుమార్లు సాగదీసి గొట్టంగా మలుస్తారు. ఇత్తడిని చల్లగా ఉండగా ఎంత సాగదీస్తే అంత గట్టిపడి పెళుసుబారుతుంది. ఇత్తడి సామానుకు పేరొందిన పెరవలి మండలం అజ్జరంలో ఏ కంచరిని అడిగినా ఈ మాట చెబుతారు. సాగగొట్టే పాత్రను నడుమనడుమ కాల్చి మెత్తబరచకపోతే అంచు నెర్రె విచ్చుతుంది. తూటాదీ అదే కథ. పేలిన క్షణంలో తొడుగు ఉబ్బి తుపాకి గది గోడకు అతుక్కుపోతుంది. వేడి వాయువులు వెనక్కి రాకుండా ఆపేది అదే. దాన్ని మళ్లీ వాడాలంటే అచ్చులో నొక్కి పూర్వపు కొలతకు తేవాలి. ఉబ్బడం, నొక్కడం జరిగిన ప్రతిసారీ లోహం మరింత బిరుసెక్కుతుంది.

మొదట మూతి అంచున నిలువు పగులు వస్తుంది. ఇది కంటికి కనిపిస్తుంది కనుక కొంత నయం. అడుగున ప్రైమర్ కూర్చునే గుంట వదులుకావడం, అడుగుకు దగ్గరగా గోడ పలచబడడం వంటివి పైకి అంత తేలికగా తెలియవు. అక్కడ తొడుగు తెగితే వాయువులు గొట్టం గుండా ముందుకు పోవు, కాల్చినవారి చేతి మీదికి, కంటి మీదికి వస్తాయి. రీలోడింగ్ చట్టబద్ధమైన దేశాల్లో సైతం పగిలిన తొడుగును బాగుచేయరు. ఎవరూ పొరపాటున వాడకుండా నలగ్గొట్టి తుక్కులో వేస్తారు.

వానాకాలపు పగుళ్లు

ఈ ఇత్తడి జబ్బుల్లో ఒకటి లోకానికి తెలిసింది మన దేశం వల్లనే. బ్రిటిష్ హయాంలో సైన్యం తూటాలను వానాకాలంలో గుర్రపుశాలల్లో నిల్వ ఉంచేది. ఒక్కసారి కూడా కాల్చని తూటాలు ఉన్నచోటనే పగిలిపోయేవి. వానలతో వచ్చే పగుళ్లు కనుక ఆంగ్లంలో దీనికి 'సీజన్ క్రాకింగ్' అన్న పేరు స్థిరపడింది. గుర్రాల మూత్రం నుంచి వెలువడే అమోనియా, గాలిలోని తేమ, తయారీలో లోహంలో మిగిలిపోయిన బిగువు, ఈ మూడూ కలిసినప్పుడే ఇత్తడి చీలుతుందని 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్‌సన్ అనే పరిశోధకులు వివరించారు. తక్కువ వేడిలో కాచి ఆ బిగువును సడలించడమే దీనికి విరుగుడు. ఆ పని కర్మాగారంలో కొలత ప్రకారం జరగాలి. వంటింటి పొయ్యి మీద అడుగు భాగం కూడా మెత్తబడితే ప్రమాదం ఇంకా పెరుగుతుంది.

డెల్టాలో ఆ మూడూ ఒకే పెరట్లో దొరుకుతాయి. పశువుల పాక, పక్కనే చెమ్మగిల్లిన యూరియా బస్తాలు, నెలల తరబడి ముసురు. అటువంటి కొట్టు గదిలో ఏళ్ల తరబడి ఉన్న తూటా నిగనిగలాడుతున్నా దాన్ని నమ్మరాదు. చింతపండుతో తోమితే బిందె మెరుస్తుందిగానీ తూటాకు బలం రాదు. అమోనియా కలిసిన పాలిష్‌తో రుద్దితే చేజేతులా చెరుపు చేసినట్లే. గులాబీ రంగు మచ్చలు కనిపిస్తే అక్కడ జింకు కరిగిపోయి బోలు రాగి మిగిలిందని గ్రహించాలి.

చట్టం ఏమంటోంది

ఆయుధాల చట్టం, 1959లోని సెక్షన్ 5 ప్రకారం లైసెన్సు లేకుండా మందుగుండు తయారుచేయరాదు. రివాల్వరు ఉంచుకునే లైసెన్సు తూటాలు తయారుచేసే లైసెన్సు కాదు. చాలామంది పొరబడేది ఇక్కడే. 2019 సవరణ తరువాత ఈ నేరానికి కనీస శిక్ష ఏడేళ్లు, గరిష్ఠంగా యావజ్జీవం. తూటా భాగాలు, తూటాలు తయారుచేసే యంత్రాలు సైతం చట్టం దృష్టిలో మందుగుండే. జత కలిపి వాడే ఉద్దేశం లేని చిన్నచిన్న విడి భాగాలకు సెక్షన్ 45 కొంత మినహాయింపు ఇస్తోంది. ఖాళీ తొడుగు పక్కన మందు, ప్రైమర్లు, అచ్చు కనిపిస్తే ఆ వాదన నిలవడం కష్టం.

పెట్టెలో దొరికినవాటిని ఏం చేయాలో చట్టంలోనే ఉంది. లైసెన్సు గడువు తీరినా, రద్దయినా, లైసెన్సుదారు మరణించినా సెక్షన్ 21 కింద ఆయుధాన్ని, తూటాలను ఆలస్యం లేకుండా సమీప పోలీసు స్టేషన్‌లోగానీ, లైసెన్సున్న డీలరు వద్దగానీ అప్పగించి రసీదు పొందాలి. మరణించిన సందర్భంలో ఆ బాధ్యత వారసులది. తుపాకిని తమ పేరిట మార్చుకోదలచిన వారసులు లైసెన్సు కోసం కలెక్టరుకు దరఖాస్తు చేసుకోవచ్చు. పాత తూటాలను మూట కట్టి బస్సులో తీసుకువెళ్లడం కన్నా ముందుగా స్టేషన్‌కు సమాచారమిచ్చి వారు చెప్పినట్లు చేయడం మేలు.

పాత ఇనుము కొనేవారికి ఈ డబ్బా అమ్మడం మరో పొరపాటు. ఆ ఇత్తడి చివరకు చేరేది కొలిమికే. పేలని తూటా ఒక్కటి మూసలో పడినా అక్కడ పనిచేసేవారి ముఖాన పేలుతుంది. జ్ఞాపకంగా సంచిలో వేసుకున్న ఒక్క తూటా మధురపూడి విమానాశ్రయం తనిఖీలో బయటపడినా విమానం తప్పిపోవచ్చు, కేసు నమోదు కావచ్చు. తెలియక సంచిలో ఉండిపోయిందని తేలితే న్యాయస్థానాలు ఇటువంటి కేసులను కొట్టివేసిన సందర్భాలు ఉన్నాయి. అందాకా కోర్టు చుట్టూ తిరగడం తప్పదు.