ఇంజను ఆగిన విమానము

ఒక ఇంజను గల చిన్న విమానము గద్వాల నుండి వనపర్తి, నాగర్‌కర్నూలుల మీదుగా పోవుచున్నదనుకొందము. నేలకు 3,000 అడుగుల ఎత్తున ఇంజను ఆగినది. విమానము రాయివలె పడునని చాలమంది తలంతురు. అది నిజము కాదు. విమానమును గాలిలో నిలుపునది రెక్కల మీదుగా పారు గాలియే. సెస్నా 172 వంటి విమానము ఒక అడుగు దిగులోపల సుమారు 9 అడుగులు ముందునకు సాగును. అనగా ఆ ఎత్తునుండి దాదాపు 8 కిలోమీటర్లు. అందుకు గంటకు సుమారు 120 కిలోమీటర్ల వేగము నిలుపుకొనవలెను. ఇంకను దూరము పోవలెనన్న ఆశతో ముక్కు పైకెత్తినచో రెక్కలు గాలిపట్టు విడుచును. అప్పుడు నిజముగానే పడును.

ఇంజను ఎందుకు ఆగును? పెట్రోలు అయిపోవుట, దానిలో నీరు చేరుట తరచు కారణములు. వింతయైనది మరొకటి కలదు: మంచు. ఈ ఎండల సీమలో మంచేమిటని నవ్వవలదు. తడి కూజాలోని నీరు ఎట్లు చల్లబడునో మనమెరుగుదుము. కార్బురేటరులో పెట్రోలు ఆవిరియగునప్పుడును అట్లే జరుగును. ఇరుకు గొంతులో గాలి వేడిమి 20 డిగ్రీలకు పైగా తగ్గవచ్చును. కృష్ణ ఒడ్డున ముసురు పట్టిన ఉదయమున, బయట 25 డిగ్రీలున్నను, లోపల మంచు పేరుకొని గాలిదారి మూసుకొనును. వేడిగాలిని లోనికి పంపుటకు ఒక మీట ఉండును. దానిని లాగగానే కరిగిన నీరు చేరి ఇంజను మొదట మరింత దగ్గును. బెదరి మీటను వెనుకకు నెట్టినచో చేతికందిన ఉపాయము జారిపోవును.

ఇక దిగుచోటు. అచ్చంపేట దాటిన పిదప నల్లమల. అక్కడ చదును నేల అరుదు. నడిగడ్డ నల్లరేగడి వానకు తడిసియున్నచో చక్రములు దిగబడి విమానము ముందునకు బోల్తాపడవచ్చును. జూరాల కాలువల క్రింది వరిమళ్ళకు గట్లు అడ్డము. వేరుసెనగ తీసిన ఎర్రచెలక దొరికినచో, మా ఉద్దేశమున, అంతకంటె మేలైనది లేదు. రోడ్డు ఆశపెట్టును గాని దాని ప్రక్కనే కరెంటు తీగలుండును. పైనుండి తీగ కనబడదు, స్తంభములను వెదకవలెను. గాలికి ఎదురుగా దిగవలెను. నేలను తాకు వేగము 100 నుండి 60కి తగ్గినచో దెబ్బలోని శక్తి దాదాపు మూడవవంతుకు తగ్గును.

నేల విడిచిన వెంటనే ఇంజను ఆగుట మరింత కఠినము. వెనుకకు తిరిగి బయలుదేరిన చోటికే రావలెనని మనసు లాగును. ఎత్తు చాలదు, మలుపులో వేగమును పోవును. ఎదుటనున్న పొలమే శరణ్యము.

2019 అక్టోబరు 6న వికారాబాదు జిల్లాలోను, 2022 ఫిబ్రవరి 26న నల్లగొండ జిల్లా పెద్దవూర మండలములోను శిక్షణ విమానములు కూలి ప్రాణములు పోయినవి. కారణమేదైనను, ఇట్టి చోటికి మొదట చేరువారు చుట్టుప్రక్కల రైతులే. అట్టివారు పంకా దరికి పోరాదు. ఆగియున్నను అది తిరుగవచ్చును. కారిన పెట్రోలు దగ్గర బీడీ, చుట్ట వెలిగింపరాదు. గుమికూడిన పిల్లలను దూరముగా పంపి, 108కి ఫోను చేయవలెను.