అంబాసిడర్ కారుకు వెనుక కమానులు



బళ్ళారి వైపు గానీ, హోసూరు వైపు గానీ, బరంపురం వైపు గానీ ఒకప్పుడు అంబాసిడర్ కారు తిరగని రోడ్డు లేదు. ఉత్తరపారా ఫ్యాక్టరీలో దాని తయారీ 2014లో ఆగిపోయింది. అయినా ఇంజను మార్చుకుని, వెడల్పు టైర్లు వేసుకుని, ఇప్పటికీ ఇష్టంగా నడుపుకునేవారు ఉన్నారు. అలాంటి బండి వెనుక కుంగితే, "ఇంకో పట్టీ వేసెయ్" అని మెకానిక్కుకు చెప్పేస్తుంటారు. అక్కడ కాస్త ఆగండి.

అంబాసిడర్ వెనుక ఇరుసును రెండు కమాను కట్టలు మోస్తాయి. బరువు మోయడం కమాను పని. ఊగును అణచడం షాక్ అబ్జార్బర్ పని. డిక్కీ మీద గట్టిగా నొక్కి వదలండి. బండి రెండు మూడుసార్లు ఊగిందంటే షాక్ అబ్జార్బర్ అరిగిందన్నమాట. దానికి పట్టీ మందు కాదు.

పట్టీ మందం ఏ కొంచెం పెరిగినా దాని బిరుసు బాగా పెరుగుతుంది. 6 మిల్లీమీటర్ల పట్టీ తీసి 7 మిల్లీమీటర్లది వేస్తే, ఆ పట్టీ బిరుసు ఒకటిన్నర రెట్లు దాటుతుంది. అప్పుడు ఖాళీ బండి గతుకుల్లో ఎగురుతుంది. చక్రం నేలను వదిలితే బ్రేకు పట్టదు. వాన రోజున మలుపులో వెనుక భాగం పక్కకు జారుతుంది. వెనుక సీట్లో కూర్చునేది మన పిల్లలే కదా!

మరి ఏం చెయ్యాలి? ముందుగా సమనేల మీద చక్రం నడిమి నుంచి మడ్‌గార్డు అంచు దాకా రెండువైపులా కొలవండి. విరిగిన పట్టీలు, అరిగిన బుష్‌లు చూడండి. కట్టలు మారిస్తే రెండూ ఒకేసారి, ఒకే రకానివి మార్చండి. యు బోల్టులు కొత్తవి వెయ్యండి. బుష్ బోల్టులను బండి బరువు చక్రాల మీద పడ్డాకే చివరి బిగింపు బిగించాలి. లేకపోతే రబ్బరు మెలిపడి త్వరగా చిరుగుతుంది. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక యు బోల్టులను మళ్ళీ బిగించండి. బండి ఎత్తు పెరిగితే, ఇరుసు పూర్తిగా కిందికి వేలాడినప్పుడు బ్రేకు గొట్టం లాగబడుతోందేమో చూసుకోండి. వట్టి జాకీని నమ్మి బండి కిందికి దూరవద్దు, స్టాండ్లు పెట్టండి.

కమానులు తీసేసి చుట్ట స్ప్రింగులు పెట్టించాలని కొందరికి సరదా. ఈ కారుకు విడిగా ఛాసిస్ లేదు. బాడీయే బరువంతా మోస్తుంది. అందులో కోతలు, వెల్డింగులు ప్రమాదం. పైగా రిజిస్ట్రేషన్ వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. ఇంజను మార్చాలన్నా రవాణా కార్యాలయం అనుమతి కావాలి.

కాబట్టి ముందు షాక్ అబ్జార్బర్లు, తరువాత బుష్‌లు, ఆ తరువాతే కమానులు. ఈ వరుస మరువకండి.