టార్చిలైట్ల ఎల్‌.ఇ.డి.లు : వాట్లు చూసి కొంటే నష్టం

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాల్లో రాత్రివేళ చేనికి వెళ్లే రైతు చేతిలో బ్యాటరీ లైటు ఉండవలసిందే. వ్యవసాయానికి 24 గంటల విద్యుత్తు 2018 జనవరి 1న ప్రారంభమైంది. అంతకు ముందు విడతలవారీ సరఫరా రోజుల్లో మోటారు వేయడానికి అర్ధరాత్రి వెళ్లవలసి వచ్చేది. ఇప్పటికీ నీరు మళ్లించడానికి, అడవి పందుల నుంచి వేరుశనగ, మొక్కజొన్న చేలను కాపాడుకోవడానికి రాత్రి కాపలా తప్పడం లేదు. కనుక ఈ సరుకుకు గిరాకీ ఉన్నది. చిక్కల్లా రకం ఎంపికలోనే.

ఇత్తడి టార్చిల కాలంలో రెండు సెల్లులదా, మూడు సెల్లులదా అని అడిగితే బేరం తేలిపోయేది. ఇప్పుడు పెట్టె మీద 50 వాట్లు, 100 వాట్లు అని అచ్చువేసిన సరుకు వస్తున్నది. ఈ అంకెలను చిన్న లెక్కతో తేల్చవచ్చు. రీచార్జి టార్చిల్లో వాడే 18650 రకం లిథియం సెల్లు 3.6 వోల్టులది. మంచి సెల్లు సామర్థ్యం 3000 మిల్లీ ఆంపియర్ అవర్లు అనుకుంటే, అందులో పట్టే శక్తి సుమారు 11 వాట్-అవర్లు. అంటే 10 వాట్ల దీపం దాదాపు గంటసేపు వెలుగుతుంది. ఒకే సెల్లుతో 100 వాట్లంటే ఆరేడు నిమిషాలకు మించదు; అంత కరెంటును ఆ సెల్లు తట్టుకోవడమూ కష్టమే.

కొనేటప్పుడు చూడవలసినది వాట్లు కాదు, ల్యూమెన్లు. దీపం నుంచి వెలువడే మొత్తం వెలుతురుకు ఇది కొలత. తెల్లని ఎల్‌.ఇ.డి.ని జపాన్‌లోని నిచియా కంపెనీ 1996లో మార్కెట్లోకి తెచ్చింది. నీలి వెలుగునిచ్చే చిప్పు మీద పసుపు ఫాస్ఫర్ పూత పూయడమే ఇందులోని కిటుకు. అమెరికాలోని క్రీ కంపెనీ 2010లో ప్రకటించిన ఎక్స్‌ఎం-ఎల్ రకం 10 వాట్లకు 1000 ల్యూమెన్లు ఇచ్చింది. వాటుకు 100 ల్యూమెన్లన్న ఈ లెక్కను గీటురాయిగా పెట్టుకుంటే పెట్టె మీది అంకెల్లో ఎంత నిజమో వర్తకుడికి ఇట్టే తెలుస్తుంది. క్రీ ఎల్‌.ఇ.డి. వ్యాపారం 2021లో స్మార్ట్ గ్లోబల్ సంస్థ చేతికి మారింది.

పెట్టెల మీద తరచు కనిపించే టి6, యు2 అనేవి మోడళ్లు కావు, వెలుతురును బట్టి చేసిన తరగతులు. ఎక్స్‌ఎం-ఎల్‌లో టి6 అంటే 700 మిల్లీ ఆంపియర్ల వద్ద కనీసం 280 ల్యూమెన్లు, యు2 అంటే కనీసం 300. ఈ ఏడు శాతం తేడాను కన్ను పట్టలేదు. దానికోసం హెచ్చు ధర పెట్టడం వృథా. పైగా క్రీ పేరుతో నకళ్లు కూడా అమ్ముడవుతున్నాయి.

రెండో కొలత దూరం. వెలుతురు మొత్తం ఎంత ఉన్నా, అది ఒకచోట కూడితేనే దూరం పోతుంది. దీనిని క్యాండెలాల్లో కొలుస్తారు. అమెరికాలో 2009లో వెలువడిన ఎఫ్‌.ఎల్‌.-1 ప్రమాణం ప్రకారం, వెలుతురు నిండు వెన్నెలపాటికి తగ్గేచోటు వరకే దూరం లెక్క. 10,000 క్యాండెలాల లైటు 200 మీటర్లు, 40,000 క్యాండెలాల లైటు 400 మీటర్లు పోతుంది. దూరం రెట్టింపు కావాలంటే తీవ్రత నాలుగింతలు కావాలన్నమాట.

ఈ రెండు కొలతలతో రకాలను పోల్చవచ్చు. ఆస్రాం కంపెనీ 1 చదరపు మిల్లీమీటరు చదును రకానికి మొత్తం వెలుతురు తక్కువైనా సన్నని ధార దూరం పోతుంది. అడవి పందుల కాపలాకు ఇది తగినది. ఎక్స్‌ఎం-ఎల్2, ల్యూమినస్ ఎస్‌ఎస్‌టి-40 వంటి 5 మిల్లీమీటర్ల రకాలు నడిమి తరగతివి; అన్ని పనులకూ సరిపోతాయి. నాలుగు చిప్పులు కలిసిన ఎక్స్‌హెచ్‌పి70 రకం 32 వాట్లకు 4000 ల్యూమెన్ల దాకా ఇస్తుంది. అయితే ఒక్క సెల్లుతో ఇది పూర్తి వెలుగులో 20 నిమిషాలే. రెండు మూడు సెల్లుల పెద్ద లైట్లకే దీనిని పరిమితం చేయడం మంచిది.

గట్ల మీద నడిచే రైతుకు కావలసినది దూరం కాదు, కాళ్ల ముందు పరుచుకునే వెలుతురు. ఎండుటాకుల్లో కలిసిపోయే రక్తపింజరను గుర్తుపట్టాలంటే రంగులు స్పష్టంగా కనిపించాలి. రంగుల కొలమానమైన సి.ఆర్‌.ఐ. మామూలు రకాల్లో 70 దగ్గర, నిచియా 219, శాంసంగ్ ఎల్‌హెచ్351డి వంటి వాటి మేలురకాల్లో 90 దాకా ఉంటుంది. వీటి ల్యూమెన్లు కొంత తగ్గినా, ప్రాణభద్రత దృష్ట్యా అది నష్టం కాదు.

మంచి దీపమైనా వేడి పోయే దారి లేకపోతే పాడవుతుంది. టార్చి ఒళ్లు లోహానిదై, దీపం రాగి పలక మీద బిగించి ఉంటే వేడి బయటికి పోతుంది. పది నిమిషాలు వెలిగించి చూడాలి. వెలుతురు తగ్గిపోయి, ఒళ్లు చల్లగానే ఉంటే వేడి లోపలే నిలిచిపోతున్నదని అనుమానించాలి.

సెల్లును త్రాసులో వేసి చూడటం మరో పరీక్ష. నికరమైన 18650 సెల్లు సుమారు 45 గ్రాములు తూగుతుంది. 9900 మిల్లీ ఆంపియర్ అవర్లు అని రాసి ఉండి, 30 గ్రాములే తూగితే ఆ సరుకు ముట్టుకోరాదు.

హైదరాబాద్ గుజరాతీ గల్లీ నుంచి గాని, ఢిల్లీ భగీరథ్ ప్యాలెస్ నుంచి గాని టోకున తెప్పించేవారు దీపం పేరు, ల్యూమెన్లు, సెల్లు సామర్థ్యం బిల్లులో రాయించుకోవడం మేలు. కాపలాకు ఒక రకం, నడకకు ఒక రకం వేరుగా నిల్వ ఉంచితే తిరుగు సరుకు తగ్గుతుంది, పెట్టుబడి ఇరుక్కోదు.