తీర్పు తెరచాటున నుండరాదు

పరుగుపందెములో ముందుగా గీత దాటినవాడే విజేత. అచట వాదమునకు తావు లేదు. కాని పద్యపఠనము, గానము, నాట్యము మొదలగు పోటీలలో గెలుపోటములను గడియారము గాక మనుష్యులు నిర్ణయింతురు. ఉక్కు అంచులు బిగించిన బూట్లతో మంచుగడ్డపై చేయు నృత్యక్రీడయగు ఫిగర్ స్కేటింగు ఇట్టిదే. వడగండ్లు పడిననాడు తప్ప మంచుగడ్డ నెరుగని మన వల్లూరువారికి ఈ క్రీడ దూరపుదే. అయినను, దాని తీర్పులు న్యాయముగా నుండవలెనని అభిమానులు చేసిన పోరాటము మన పిల్లల పోటీలకు మిక్కిలి దగ్గరిది. కావుననే దానినిచట వివరింపదలచితిమి.

తెలుగువారికి ఈ విద్యతో బొత్తిగా సంబంధము లేకపోలేదు. చక్రముల బూట్లతో ఆడు దీని సోదర క్రీడలో హైదరాబాదునకు చెందిన అనూప్ కుమార్ యామ 2010 సం. గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడలలో రెండు కాంస్య పతకములు గెలిచి, 2015లో అర్జున పురస్కారము నందెను. అచటను విజయము మార్కులపైననే ఆధారపడును.

పూర్వము ఫిగర్ స్కేటింగులో ప్రతి న్యాయనిర్ణేతయు నైపుణ్యమునకు ఒకటి, ప్రదర్శనమునకు ఒకటిగా, 6కు మించకుండ రెండు మార్కులు వేసెడివాడు. 2002 ఫిబ్రవరిలో సాల్ట్ లేక్ సిటీ ఒలింపిక్ క్రీడల జంటల పోటీలో తొమ్మండుగురు న్యాయనిర్ణేతలలో అయిదుగురు రష్యా జంటను, నలుగురు కెనడా జంటను మొదట నిలిపిరి. ప్రేక్షకులు తీవ్రముగా నిరసించిరి. ఫ్రాన్సు దేశపు న్యాయనిర్ణేత తనపై ఒత్తిడి వచ్చినదని చెప్పి, పిదప ఆ మాటను వెనుకకు తీసికొనెను. తుదకు కెనడా జంటకును స్వర్ణ పతక మిచ్చిరి.

ఆ కలవరము వలన 2004లో క్రొత్త పద్ధతి ఆమోదింపబడినది. ప్రతి గెంతునకును, ప్రతి భ్రమణమునకును ముందే విలువ కట్టుదురు. చేసిన తీరునుబట్టి న్యాయనిర్ణేతలు ఆ విలువను పెంచుటయో తగ్గించుటయో చేయుదురు. మిక్కిలి హెచ్చు మార్కును, మిక్కిలి తక్కువ మార్కును విడిచి మిగిలినవాటి సరాసరి తీయుదురు. ఇది మంచి మార్పే. కాని సంస్కరణల పేరిట, ఏ మార్కు ఎవరు వేసిరో తెలియకుండ దాచు ఆచారము కూడ ప్రవేశించినది. స్వదేశపు సంఘముల ఒత్తిడి నుండి న్యాయనిర్ణేతలను కాపాడుటకే ఇట్లు చేసితిమని నిర్వాహకులు చెప్పిరి.

అభిమానులు దీనికి సమ్మతింపలేదు. వేసినవాడెవడో తెలియని మార్కును ప్రశ్నించుట యెట్లని వారి వాదము. 2003లో వాషింగ్టను నగరమున జరిగిన ప్రపంచ పోటీలలోనే వారు నిరసన తెలిపిరి. 2014లో సోచి ఒలింపిక్ క్రీడలలో కొరియా క్రీడాకారిణి కిమ్ యూనాకు రెండవ స్థానము వచ్చినప్పుడు, పునర్విచారణ కోరుచు పదిహేను లక్షలమందికి పైగా విన్నపముపై సంతకములు చేసిరి. ఫలితము మారలేదు. ఆ యేడే ఎరిక్ జిట్జెవిట్జ్ అను అమెరికా ఆర్థికశాస్త్రజ్ఞుడు తన పరిశోధనను ప్రకటించెను. పేర్లు దాచిన పిమ్మట న్యాయనిర్ణేతలకు స్వదేశీయులపై గల పక్షపాతము తగ్గుటకు మారుగా కొంత పెరిగినదని అందు తేలినది. 2016లో అంతర్జాతీయ స్కేటింగు సంఘము ఆ తెరను తొలగించినది. పక్షపాతము అంతటితో మాయము కాలేదు. కాని అదెచట నున్నదో వేలుపెట్టి చూపుటకు వీలు కలిగినది.

ఇక మన విషయము. మన పిల్లలు ఇంట తెలుగు, వెలుపల కన్నడము మాటలాడుచు పెరుగుచున్నారు. తాలూకా పోటీలో కన్నడ పద్యము చదివి ఓడిన బిడ్డ, "నా పఠనములో దోషమున్నదా, లేక నా యాస వారికి నచ్చలేదా?" యని తల్లి నడిగినచో, మార్కులు చూపని యెడల ఆమె యేమి చెప్పగలదు? అన్యాయము జరిగియుండిన అది దాగిపోవును. జరుగకున్నను అనుమానము మిగిలిపోవును. దాచుట వలన బిడ్డకును, నిజాయితీగల న్యాయనిర్ణేతకును సమానముగా నష్టమే.

కావున ముందుగా మన వార్షికోత్సవపు పోటీలనే సరిదిద్దుకొందము. ఉచ్చారణకు ఎన్ని, భావమునకు ఎన్ని, ధారణకు ఎన్ని మార్కులో ముందే ప్రకటింపవలెను. న్యాయనిర్ణేతలు ఎవరికి వారే మార్కులు వేసి సంతకము చేయవలెను. పోటీ ముగియగానే ఆ పత్రమును గోడపై అంటింపవలెను. తల్లిదండ్రులును వేదికయొద్ద కేకలు వేయక, ఆ పత్రమును చదివి, సందేహమున్నచో మర్యాదగా అడుగవలెను. కారణము తెలిసిన ఓటమి బిడ్డకు మరునాటి పాఠమగును. కారణము తెలియని ఓటమి మనసున ముల్లై నిలుచును.