పట్టణపు పటములో మన పొలము

పట్టణములకు చేరువనున్న గ్రామముల రైతులు వానను, ధరను, పురుగును కనిపెట్టుచుండుటతోపాటు మఱియొకదానిని గూడ కనిపెట్టవలసిన కాలము వచ్చినది. అది పురపాలక సంఘమువారు ప్రకటించు మాస్టరు ప్లాను ముసాయిదా. పట్టణము పెరుగును. దానికి రోడ్లు, ఇండ్లు, కర్మాగారములు కావలెను. అవి యెచ్చట నుండవలెనో ముందుగ నాలోచించుట మంచిదే. దానిని మేము నిందింపము. కాని యా భూమిని దున్నువాని మాట ఆ యాలోచనలో చేరినదా లేదా యన్నదే మన ప్రశ్న. చేరుటకు చట్టము ఒక ద్వారము నుంచినది. అది కొలది దినములు మాత్రమే తెఱచియుండును.

కామారెడ్డి రైతుల యనుభవము

తెలంగాణములోని కామారెడ్డి పురపాలక సంఘపు క్రొత్త మాస్టరు ప్లాను ముసాయిదా 2022 నవంబరులో వెలువడెను. అభ్యంతరములు తెలుపుటకు 60 దినముల గడువీయబడెను. 2023 జనవరి 11వ తేదీ తుది దినము. అడ్లూరు, ఇల్చిపూరు, టేక్రియాలు, లింగాపూరు మొదలగు గ్రామముల రైతులు, తాము సాగుచేయు భూములు పటములో పారిశ్రామిక మండలముగ చూపబడినవని తెలిసికొని మిక్కిలి కలతజెందిరి. ఆ దినములలో ఒక రైతు ఆత్మహత్య చేసికొనగా ఆందోళనము తీవ్రమయ్యెను. జనవరి 5వ తేదీన రైతులు కుటుంబములతో గూడ వచ్చి కలెక్టరు కార్యాలయము నెదుట ధర్నా చేసిరి. కొందఱు హైకోర్టు నాశ్రయించిరి. వందలకొలది అభ్యంతర పత్రములు దాఖలయ్యెను. తుదకు జనవరి 20వ తేదీన పురపాలక కౌన్సిలువారు ఆ ముసాయిదాను రద్దుచేయుచు తీర్మానించిరి. జగిత్యాలలోని ముసాయిదా విషయమునను రైతుల యాందోళనమువలన అట్టి తీర్మానమే జరిగెను.

ఉత్తరములు వ్రాసినంతమాత్రమున ఈ ఫలము కలిగినదని మేము చెప్పము. గ్రామములన్నియు నేకమై నిలుచుటయు, న్యాయస్థానమునకు పోవుటయు దీనికి తోడ్పడినవి. కాని యొక సంగతి గమనింపుడు. కౌన్సిలు ఒక్క తీర్మానముతో దానిని విడువగలిగినది, అది యింకను ముసాయిదాగా నుండుటచేతనే. పటము తుదిగా ఖాయమై గెజెటులో ప్రకటింపబడిన పిమ్మట అంతమంది జనమే వచ్చినను, దారి యింతకంటె మిక్కిలి దూరమై యుండెడిది. అదనెఱిగి సేద్యము, పదనెఱిగి పైరు అని మన పెద్దలన్నది దీనికిని వర్తించును.

చట్టములోని మాట

ముందుగ ప్రకటించి, జనుల మాట విని, పిమ్మట నియమము చేయుట క్రొత్త పద్ధతి గాదు. 1897 నాటి జనరల్ క్లాజుల చట్టము 23వ సెక్షను ఈ పద్ధతిని స్పష్టముగ చెప్పినది. ముందుగ ప్రకటించి నియమములు చేయవలెనని కేంద్ర చట్టమేదైన విధించినచో, అధికారులు ముసాయిదాను ప్రకటింపవలెను. దానిని పరిశీలించు తేదీని తెలుపవలెను. ఆ తేదీకి లోపల ఎవ్వరు పంపిన అభ్యంతరమునైనను, సూచననైనను ఆలోచింపవలెను. ఆ సెక్షనులోనే మఱియొక మాట గలదు: నియమము గెజెటులో ప్రకటింపబడినచో, అది సక్రమముగ చేయబడినదనుటకు ఆ ప్రకటనయే తిరుగులేని రుజువు. కనుక మన మాట కెంత విలువయున్నను అది ప్రకటనకు ముందే.

భూసేకరణమునకు సంబంధించిన 2013 నాటి చట్టములో 15వ సెక్షను క్రింద, తొలి ప్రకటన వెలువడిన 60 దినముల లోపల భూమియందు సంబంధము గలవారు కలెక్టరునకు వ్రాతమూలకముగ అభ్యంతరము తెలుపవచ్చును. కలెక్టరు వారి మాట స్వయముగ వినవలెను. కర్మాగారములు మొదలగువాని పర్యావరణ అనుమతికై జరుగు బహిరంగ విచారణకు 2006 నాటి ప్రకటన ప్రకారము కనీసము 30 దినముల ముందుగ నోటీసు ఈయవలెను. ఆ విచారణకు కోరమనునది లేదు. వచ్చినవారు పదిమందియైనను సభ సాగును, వ్రాత పూర్తియగును. మనము రాకపోయినచో పని యాగునని యెవ్వరును తలపరాదు.

మండలము మాఱినచో నేమగును?

ఈ విషయమున గ్రామములలో రెండు తప్పు మాటలు వినబడుచున్నవి. పటములో రంగు మాఱగానే భూమి పోయినదని కొందఱు భయపడుదురు. పట్టా మన పేరనే యుండును. సాగు నాటితో నిలిచిపోదు. మాస్టరు ప్లాను వేఱు, భూసేకరణము వేఱు. మఱికొందఱు, అది కాగితమేగదా, మనకేమియని ఊరకుందురు. ఇదియు సరిగాదు. ఏ స్థలములో నేమి కట్టవచ్చునో యా మండలమునుబట్టియే అనుమతి దొరకును. పొలము నడుమ రోడ్డు గీత పడినచో అచ్చట ఇల్లు కట్టుకొనుటకు అనుమతి రాదు. కొనువాడు ధర తగ్గించును. బిడ్డ పెండ్లికో చదువునకో అమ్మజూచినప్పుడు గాని యా గీత బరువు తెలియదు. రంగుల యర్థము పటముతోనున్న సూచికలో వ్రాసియుండును. దానిని చూచియే నిశ్చయించుకొనవలెను.

అభ్యంతరము వ్రాయు విధము

మొదట పటమును, దానితోటి నివేదికను పురపాలక కార్యాలయములో చూడుడు. సర్వే నంబరు వెదకి, మన పొలమే మండలములో పడినదో వ్రాసికొనుడు. పిమ్మట ప్రకటనలో జెప్పిన అధికారి పేర అర్జీ వ్రాయుడు. అందులో ఈ యంశము లుండవలెను:

1. ప్రకటన సంఖ్య, తేదీ.
2. గ్రామము, సర్వే నంబరు, విస్తీర్ణము. పట్టాదారు పాసుపుస్తకపు నకలు.
3. ఇప్పటి సాగు: ఏ పైరు, ఎన్ని కార్లు, బావియా, బోరా, చెఱువు క్రింది ఆయకట్టా.
4. ముసాయిదాలో చూపిన దేమి, దానివలన కలుగు నష్టమేమి.
5. మన కోరిక: వ్యవసాయ మండలముగనే యుంచుడనియో, రోడ్డును ఫలాని పోరంబోకు మీదుగ త్రిప్పుడనియో స్పష్టముగ చెప్పుట.

ఈ యైదవ యంశమును చాలమంది విడిచెదరు. మాకు అన్యాయము జరిగినదని మాత్రమే వ్రాసిన పత్రముపై అధికారి చేయగల పని తక్కువ. వాగు ఎచ్చట పొంగును, ఏ కాలువ గట్టు తెగిన ఏ చేలు మునుగును, పశువులు ఏ త్రోవను నడచును, ఇవి రైతునకు తెలిసినంతగా పటము గీయువానికి తెలియవు. ఆ యెఱుకను కాగితముపై బెట్టుటయే మన బలము. ఒకే మాదిరి పత్రమును నూఱుమంది సంతకము చేసి పంపుటకంటె, ప్రతివాడు తన సర్వే నంబరుతో తన సంగతి వ్రాయుట మేలు. కౌలుదారులును, పట్టాగల స్త్రీలును తమ పేర్లతో వ్రాయవలెను. తెలుగులో వ్రాయుటకు జంకనక్కఱలేదు.

అర్జీ ఇచ్చి రశీదు తీసికొనుడు. రశీదు ఈయనిచో స్పీడు పోస్టులో పంపి తపాలా చీటిని భద్రపఱచుడు. విచారణకు పిలిచినచో తప్పక పోవలెను. తరువాత ఏమి నిర్ణయించిరో తెలియనిచో 2005 నాటి సమాచార హక్కు చట్టము క్రింద అడుగవచ్చును. సాధారణముగ 30 దినములలో జవాబు రావలెను.

సంఘము చేయవలసిన పని

ఒంటరి రైతు ప్రతిదినము పత్రికలోని చిన్న యక్షరముల ప్రకటనలను చదువజాలడు. ఇది సంఘము పూనుకొనదగిన పని. ప్రతి సహకార సంఘమును చదువు తెలిసిన సభ్యు నొకనిని దీనికి నియమించి, నెలకొకమాఱు పురపాలక కార్యాలయపు ప్రకటన ఫలకమును చూచి రమ్మనవలెను. ముసాయిదా వెలువడినచో గడువు తేదీని సంఘపు గోడపై పెద్ద యక్షరములతో వ్రాయవలెను. ఒక ఆదివారము సభ్యులను గూర్చి పటమును పఱచి, ఎవరి పొలమెచ్చట నున్నదో చూపి, వ్రాయలేనివారికి వ్రాసిపెట్టవలెను. సంఘము పక్షమున తీర్మానము నొకటి వేఱుగ పంపవలెను.

విత్తనమునకును ఎరువునకును కలసికట్టుగ నిలుచు మనము, ఆ విత్తనము చల్లు నేలవిషయమున విడివిడిగ నుండుట తగదు. అడుగనిదే అమ్మయైనను పెట్టదు. గడువులోపల అడుగుదము.